ప్రాజెక్టు డైరీ: సెన్సార్ టేబుల్ ఫార్మాట్ సెట్టింగుల మార్పు

పని ఏమిటి

సెన్సార్ల రీడింగులు నిల్వచేసే ఒక పెద్ద టేబుల్ మా బృందం అజమాయిషీలో ఉంది. కింద పార్కే ఫైళ్లు (కాలమ్‌లవారీగా డేటా దాచే ఫార్మాట్), వాటి మీద డెల్టా లేక్ లాగ్ (టేబుల్‌లో ఏయే ఫైళ్లు చేరాయో, ఏవి తొలగాయో రాసుకునే చిట్టా). టేబుల్ పెరిగినకొద్దీ క్వెరీలు నెమ్మదించాయి, నిల్వ ఖర్చు పెరిగింది. ఫైళ్లు రాసే సెట్టింగులన్నీ చాలా ఏళ్ల కిందట పెట్టినవి కావడంతో, వాటిని ఇప్పటి లైబ్రరీలకు తగినట్టు మార్చి వేగం తీసుకురావాలన్నది ఈ ప్రాజెక్టు లక్ష్యం. అయితే ఈ టేబుల్‌ను చదివే ప్రోగ్రాములు మా చేతిలో ఉన్నవి మాత్రమే కావు. ముఖ్యమైన పనులన్నీ పెద్ద డేటాను ప్రాసెస్ చేసే ఇంజనైన స్పార్క్ 3 మీద నడుస్తున్నాయి, నెలవారీ నివేదిక ఇప్పటికీ స్పార్క్ 2.4 మీదే ఉంది, విశ్లేషణ బృందం వారు పైథాన్ లైబ్రరీ అయిన పైయారోతో రాసుకున్న స్క్రిప్టు ఒకటి వాడుతున్నారు, ఇవి కాక సొంత పార్కే రీడర్ ఉన్న డ్యాష్‌బోర్డు ఒకటి ఉంది. ఏ సెట్టింగు మార్చినా ఈ నాలుగూ మునుపటిలాగే చదవగలగాలి.

"అందరినీ కొత్త వెర్షన్‌కు మారమంటే సరిపోతుంది కదా" అన్న మాట మొదటి సమావేశంలోనే వచ్చింది. మారమనడం సులభమే, కానీ ఎదుటి బృందం వీలు చూసుకుని మారేంతవరకు మన పని ఆగిపోతుంది. అందుకే ముందుగా ఒక్కో సెట్టింగూ ఏ రీడరును ఎలా ఇబ్బందిపెడుతుందో తేల్చుకోవాలని నిర్ణయించాము.

పరీక్ష ఫైళ్లు

అన్ని మార్పులూ ఒకే ఫైల్లో పెట్టి పరీక్షిస్తే ఏది విరిగిందో తెలియదు కనుక, ఒక్కో చిన్న ఫైల్లో ఒక్కో మార్పు మాత్రమే పెట్టాము. డేటా అన్నింటిలో ఒకటే: ఖాళీ విలువలు, రుణ దశాంశాలు, తెలుగు అక్షరాల్లో సెన్సార్ పేర్లు, మా టేబుల్‌లో నిజంగానే ఉన్న రెండు విచిత్రపు విలువలు. మొదటిది, సెన్సార్ అమర్చిన తేదీ తెలియనప్పుడు వేసే 0001-01-01. రెండోది, కాలిబ్రేషన్ గడువు లేదని చెప్పడానికి వేసే 9999-12-31. ప్రతి రీడరు నుంచీ వరుసల సంఖ్య, మొత్తం, కనిష్ఠం, గరిష్ఠం, ఖాళీల సంఖ్య రాబట్టి, ముందే తెలిసిన జవాబులతో పోల్చే చిన్న ప్రోగ్రాము కూడా రాశాము. ఫైలు తెరుచుకున్నంత మాత్రాన పరీక్ష నెగ్గినట్టు కాదు, జవాబు సరిపోవాలి.

ఫలితాలు రావడం మొదలయ్యాక అవి మూడు కుప్పలుగా పడ్డాయి. పాత రీడరు గుర్తించకపోయినా హాయిగా వదిలేసి ముందుకు సాగే మార్పులు మొదటి కుప్ప. చదవలేనని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేవి రెండోది. ఏ ఎర్రరూ లేకుండా తప్పు జవాబు ఇచ్చేవి మూడోది. మొదటి కుప్పలోనివి వెంటనే అమలు చేయవచ్చు. రెండోదానికి ఎదుటి బృందంతో మాట్లాడి తేదీ ఖరారు చేసుకుంటే చాలు. నిద్ర పట్టనివ్వనిది మూడోది. ఇక్కడి నుంచి మా పనుల వరుసను వేగం లెక్కలు కాక ఈ విభజనే నిర్ణయించింది.

ఉచితంగా దొరికిన వేగం

మొదటి కుప్పలో అనుకున్నదానికంటే ఎక్కువే దొరికాయి. పార్కే ఫైలు ప్రధాన మెటాడేటా (డేటా గురించిన వివరాలు) చివరనున్న ఫుటర్‌లో థ్రిఫ్ట్ అనే ఎన్‌కోడింగ్ పద్ధతిలో ఉంటుంది. తనకు తెలియని ఐచ్ఛిక ఫీల్డు ఎదురైతే థ్రిఫ్ట్ దానిని దాటవేస్తుంది. అందువల్ల పేజీ ఇండెక్స్ (ఫైల్లోని చిన్న ముక్కలైన పేజీల్లో ఏ పరిధి విలువలున్నాయో చెప్పే పట్టిక), బ్లూమ్ ఫిల్టర్ (ఒక విలువ కచ్చితంగా లేదని త్వరగా తేల్చే సాధనం) వంటివి చేర్చినా పాత రీడర్లు వాటిని చూడనట్టే పోతాయి, కొత్తవి మాత్రం వాటి సాయంతో అక్కరలేని భాగాలను వదిలేస్తాయి. స్పార్క్ 3.2 నుంచి వెక్టరైజ్డ్ రీడరు (విలువలను గుంపులుగా చదివే వేగవంతమైన రీడరు) ఈ పేజీ ఇండెక్స్‌ను వాడుకుంటోంది.

డేటాను సెన్సార్ సంఖ్య, ఆపై సమయం వరుసలో పేర్చి రాయడం ఇంకా మేలైన మార్పు. ఇది ఫార్మాట్ మార్పే కాదు కనుక ఏ రీడరుకూ అభ్యంతరం ఉండదు. కనిష్ఠ గరిష్ఠాల పరిధులు ఇరుకై అక్కరలేని భాగాలను దాటవేయడం సులువవుతుంది, పక్కపక్క విలువలు దగ్గరగా ఉండడంతో కంప్రెషన్ కూడా మెరుగవుతుంది. డెల్టా లాగ్ అప్రమేయంగా (మనం ఏమీ మార్చకపోతే) మొదటి 32 కాలమ్‌లకే కనిష్ఠ గరిష్ఠాల వంటి గణాంకాలు సేకరిస్తుంది. మా టేబుల్‌లో సమయం కాలమ్ ఆ హద్దు అవతల ఎక్కడో ఉండిపోయింది. దానిని ముందుకు జరిపిన తర్వాత రాసిన ఫైళ్లకు గణాంకాలు రావడం మొదలైంది. కొత్త ఎన్‌కోడింగుల గురించి గంటల తరబడి వాదించుకునేముందు ఇలాంటివి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

గణాంకాలను కూడా గుడ్డిగా నమ్మరాదని ఇక్కడే చెప్పుకోవాలి. పార్కే తొలినాళ్లలో స్ట్రింగుల కనిష్ఠ గరిష్ఠాలను బైట్లకు ధన రుణ గుర్తు ఉన్నట్టు భావించి పోల్చేవారు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమూ 224 విలువ గల బైటుతో మొదలవుతుంది. గుర్తు ఉన్న సంఖ్యగా చూస్తే అది −32 అవుతుంది కాబట్టి, తెలుగు పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దబడి 'A' అక్షరం (దాని బైటు విలువ 65) కంటే ముందుకు వెళ్లిపోయేవి. తర్వాత పోలిక క్రమాన్ని స్పష్టంగా నిర్వచించి, కనిష్ఠ గరిష్ఠాలకు కొత్త ఫీల్డులు తెచ్చారు. పాత ఫీల్డులను అలాగే ఉంచి పక్కన కొత్తవి చేర్చడం వల్ల ఎవరూ విరగలేదు. అనుకూలత చెడకుండా తప్పును సరిదిద్దే తీరు అది.

వెర్షన్ 2 అంటే ఏది?

సమయం కాలమ్‌కు పార్కేలోని డెల్టా ఎన్‌కోడింగ్ (డెల్టా లేక్‌తో దీనికి సంబంధం లేదు) వాడితే ఎంత లాభమో కాగితం మీద లెక్క వేసి చూశాము. మా సెన్సార్లు పది సెకన్లకొకసారి రీడింగు పంపుతాయి, అంటే వరుసగా వచ్చే రెండు విలువల మధ్య తేడా 1,00,00,000 మైక్రోసెకన్లు. ఈ ఎన్‌కోడింగ్ విలువలకు బదులు తేడాలను తీసుకుని, ఒక బ్లాకులోని తేడాల్లో కనిష్ఠమైనదాన్ని అన్నింటిలోనుంచీ తీసివేసి, మిగిలినదాన్ని అవసరమైనన్ని బిట్లలోనే సర్దుతుంది. తేడాలన్నీ సమానమైతే మిగిలేది సున్నా, బిట్లే అక్కరలేదు. ఒక్కో రీడింగు 500 మైక్రోసెకన్లు అటూ ఇటూ జరిగినా తేడాల విస్తృతి 2,000 మించదు కనుక 11 బిట్లు సరిపోతాయి. అదే కాలమ్‌ను ఎన్‌కోడింగ్ లేకుండా 64 బిట్ల సంఖ్యలుగా రాస్తే ఒక్కో విలువకూ 8 బైట్లు పడతాయి. వేరువేరు విలువలను ఒక్కసారే జాబితాగా రాసి, వరుసల్లో వాటి సంఖ్య మాత్రం పెట్టే డిక్షనరీ ఎన్‌కోడింగ్ ఇక్కడ పనికిరాదు. అప్రమేయ హద్దయిన 1 ఎంబీ డిక్షనరీలో 8 బైట్ల విలువలు 1,31,072 మాత్రమే పడతాయి, దాదాపు ప్రతి సమయమూ వేరువేరే కావడంతో అది త్వరగా నిండిపోయి, రాసే లైబ్రరీ సాదా పద్ధతికి దిగిపోతుంది.

లాభం కళ్లకు కడుతోంది, అడ్డంకి మాత్రం సెట్టింగు పేరులోనే ఉంది. స్పార్క్ వాడే జావా లైబ్రరీలో రైటర్ వెర్షన్‌ను 2కు మారిస్తే, కొత్త ఎన్‌కోడింగులతోపాటు రెండో తరం డేటా పేజీలు కూడా వచ్చేస్తాయి, రెండూ ఒకే స్విచ్చుకు కట్టి ఉన్నాయి. పైయారోలో వెర్షన్ అనే ఎంపిక 1.0, 2.4, 2.6 విలువలు తీసుకుంటుంది. అది ప్రధానంగా ఏ డేటా రకాలు అనుమతించాలో చెబుతుంది. 2.4లో నానోసెకన్లు మైక్రోసెకన్లుగా మారుతాయి, 2.6లో నానోసెకన్లుగానే నిలుస్తాయి. డేటా పేజీ వెర్షన్‌కు అక్కడ వేరే ఎంపిక ఉంది, కాలమ్‌వారీ ఎన్‌కోడింగ్‌కు ఇంకొకటి ఉంది. కాబట్టి "మేము వెర్షన్ 2 ఫైళ్లు రాస్తాము" అని ఒక బృందం మరో బృందానికి చెబితే ఏమీ చెప్పనట్టే.

పరీక్షలో స్పార్క్ 2.4 వెక్టరైజ్డ్ రీడరు డెల్టా ఎన్‌కోడింగ్ ఫైలును చూడగానే మద్దతు లేదంటూ ఆగిపోయింది. ఆ మద్దతు స్పార్క్ 3.3లో వచ్చింది. వెక్టరైజ్డ్ రీడింగ్ ఆపివేస్తే 2.4 చదువుతుంది గానీ, నెలవారీ నివేదిక అసలే నెమ్మది, దానిని ఇంకా నెమ్మదింపజేసే హక్కు మాకు లేదు. డ్యాష్‌బోర్డు రెండో తరం పేజీల దగ్గర ఆగింది. రెండూ బిగ్గరగా విఫలమైనవే కనుక భయం లేదు, కానీ రైటర్ వెర్షన్ 1లోనే ఉండాలని తీర్మానించాము. పేర్చి రాయడంతోపాటు జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ తెస్తే ఆశించిన లాభంలో చెప్పుకోదగ్గ భాగం ఎలాగూ వస్తుంది.

కంప్రెషన్ విషయం క్లుప్తంగా

అప్రమేయమైన స్నాపీ స్థానంలో జెడ్‌స్టాండర్డ్ పెట్టాము. స్పార్క్ 3.2 నుంచి హడూప్ అనే డేటా వేదిక నేటివ్ లైబ్రరీ లేకుండానే ఇది పనిచేస్తుంది. 2.4కు మాత్రం ఆ నేటివ్ లైబ్రరీ కావలసివచ్చింది, నివేదిక బృందం దానిని అమర్చుకుంది. ఎల్‌జెడ్4 జోలికి వెళ్లలేదు. ఆ పేరుతో పార్కేలో ఉన్న పాత కోడెక్‌కు (కుదించి విప్పే పద్ధతికి) హడూప్ తనదైన ఫ్రేమింగ్ (డేటా ముక్కలకు జతచేసే పొడవు వివరాలు) చేర్చడం, అది ఎక్కడా సరిగ్గా రాసి ఉండకపోవడం వల్ల ఒక లైబ్రరీ రాసినది మరొకటి చదవలేని స్థితి వచ్చింది. చివరికి దానిని పక్కనపెట్టి ఎల్‌జెడ్4-రా అనే కొత్త కోడెక్‌ను ప్రమాణంలో చేర్చవలసివచ్చింది.

పాతదే సురక్షితమన్న నమ్మకం

ఈ దశ ఎక్కువ కాలం పట్టింది, ఫలితం కూడా మేము ఊహించినది కాదు. స్పార్క్ 3 అప్రమేయంగా టైమ్‌స్టాంపులను ఇంట్96 రకంలో రాస్తుంది. ఇందులో ఒక్కో విలువకు 12 బైట్లు: రోజులోని నానోసెకన్లకు 8, జూలియన్ దిన సంఖ్యకు (ఒక పురాతన రోజు నుంచి వరుసగా లెక్కించే రోజుల సంఖ్యకు) 4. 1970 జనవరి 1 జూలియన్ దిన సంఖ్య 24,40,588. పార్కే ప్రమాణం ఈ రకాన్ని వాడవద్దని ఎప్పుడో చెప్పింది, మా రైటర్ లైబ్రరీ దీనికి కనిష్ఠ గరిష్ఠాలు కూడా రాయదు. వేగం దృష్ట్యా దీనిని వదిలి మైక్రోసెకన్ల 64 బిట్ల రకానికి మారాలి, అనుకూలత దృష్ట్యా ఇదే ఉండాలి అన్నట్టుగా మొదట చర్చ సాగింది.

పరీక్ష జవాబులు ఆ చర్చను తలకిందులు చేశాయి. 9999-12-31 ఉన్న ఇంట్96 ఫైలును పైయారో ఎర్రరేమీ లేకుండా తెరిచి, ఆ గడువు 1816 మార్చి 29 అని చెప్పింది. కారణం లెక్కలో ఉంది. పైయారో అప్రమేయంగా ఇంట్96ను 64 బిట్ల నానోసెకన్లుగా మారుస్తుంది. ఆ పరిధి 1677 సెప్టెంబరు నుంచి 2262 ఏప్రిల్ వరకే. 9999 చివరి రోజు దానికి ఎంతో అవతల ఉంటుంది కనుక సంఖ్య పొంగి, 64 బిట్ల చుట్టూ 14 మార్లు తిరిగి, 1816లో తేలింది. విశ్లేషణ స్క్రిప్టులో గడువు దాటిన సెన్సార్లను పక్కనపెట్టే ఫిల్టరు ఉంది. దాని దృష్టిలో గడువే లేని సెన్సార్లన్నీ రెండు శతాబ్దాల కిందటే గడువు తీరినవి.

అంటే, పాత ప్రోగ్రాముల కోసమని మేము పదిలంగా కాపాడుతున్న సెట్టింగే ఒక కొత్త రీడరు చేత తప్పు చెప్పిస్తోంది. మైక్రోసెకన్ల రకానికి మారితే ఈ పొంగు ఉండదు, ఎందుకంటే 64 బిట్లలో మైక్రోసెకన్లు అటూ ఇటూ రెండు లక్షల తొంభై వేల సంవత్సరాలకు పైగా చాలుతాయి. స్పార్క్ 2.4 కూడా ఆ రకాన్ని ఇబ్బంది లేకుండా చదివింది. డ్యాష్‌బోర్డు మాత్రం సమయాన్ని 1700000000000000 వంటి 16 అంకెల సంఖ్యగా చూపింది, ఎందుకంటే ఆ సంఖ్యను సమయంగా చూడాలని చెప్పే లాజికల్ రకం దాని రీడరుకు తెలియదు. ఆ సంఖ్య నిజానికి 2023 నవంబరు 14, రాత్రి 22:13:20 యూటీసీ. డ్యాష్‌బోర్డులో ఉన్న మిల్లీసెకన్ల మార్పిడిని వాడి చూస్తే అది 55,800 పైచిలుకు సంవత్సరం అయి కూర్చుంది. పది లక్షలతో భాగించే లెక్క కాలమ్ ఒకటి అక్కడ చేర్చడంతో సరిపోయింది. ఇలాంటి వైఫల్యం చూసేవారికి వెంటనే తెలుస్తుంది, కనుక దీనిని నేను రెండో కుప్పలోనే వేస్తాను.

0001-01-01 కథ దీనికి తోబుట్టువు. స్పార్క్ 2.4 పాత తేదీలకు జూలియన్ క్యాలెండరు పాటిస్తుంది, స్పార్క్ 3 గ్రెగోరియన్‌నే వెనక్కి పొడిగిస్తుంది. 1582 అక్టోబరు 15కు ముందు తేదీల్లో రెండింటికీ తేడా వస్తుంది. స్పార్క్ 3లో దిద్దుబాటు లేని పద్ధతిలో రాస్తే, 2.4లో ఆ తేదీ 0001-01-03గా కనిపించి, "తెలియని తేదీ" ఫిల్టరు మౌనంగా ఖాళీ ఫలితం ఇస్తుంది. పాత క్యాలెండరుకు తగినట్టు మార్చే లెగసీ పద్ధతిలో రాస్తే స్పార్క్ 3 ఫుటర్‌లో ఒక గుర్తు పెడుతుంది, తర్వాత చదివేటప్పుడు ఆ గుర్తు చూసి తేదీని సరిచేసుకుంటుంది. పైయారోకు ఆ గుర్తుతో సంబంధం లేదు, దానికి కనిపించేది 0000-12-30. పైథాన్ తేదీ రకంలో సున్నా సంవత్సరమే లేదు కాబట్టి మార్పిడి దగ్గర ఎర్రర్ వస్తుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఎవరో ఒకరికి తప్పు తప్పదని తేలాక, సెట్టింగుతో కుస్తీ మాని డేటానే సరిచేశాము. టేబుల్‌లో తెలియని తేదీ ఇక ఖాళీ విలువే, నివేదిక కోసం దానిని 0001-01-01గా చూపించే వ్యూ (టేబుల్‌ను మరో రూపంలో చూపే క్వెరీ) ఒకటి పైన పెట్టాము.

దొడ్డిదారి

పాత ఫైళ్లను కొత్త టైమ్‌స్టాంపు రకంతో తిరిగి రాయాలి. స్పార్క్ తాను డెల్టా లాగ్‌లోని స్కీమాను (కాలమ్‌ల పేర్లు, రకాల పట్టికను) నమ్ముతుంది కాబట్టి రెండు రకాలూ కలిసి ఉన్నా చదవగలదు. పైయారో స్క్రిప్టుకు మాత్రం ఒక ఫైల్లో టైమ్‌జోన్ లేని నానోసెకన్లు, మరో ఫైల్లో యూటీసీ మైక్రోసెకన్లు కనిపించి స్కీమా పొసగలేదు. ఎలా చదువుతున్నారని ఆరా తీస్తే, ఆ స్క్రిప్టు డెల్టా లాగ్ జోలికే పోకుండా ఫోల్డరులో ఉన్న పార్కే ఫైళ్లన్నింటినీ చదువుతోందని తెలిసింది.

ఇన్నాళ్లూ ఇది బయటపడకపోవడానికి కారణం, టేబుల్‌లో వరుసలు చేర్చడమే తప్ప మార్చడం గానీ ఫైళ్లు కలపడం గానీ జరగకపోవడమే. ఒక భాగాన్ని తిరిగి రాస్తే, డెల్టా పాత ఫైలును లాగ్‌లో తొలగించినట్టు గుర్తు పెడుతుందే గానీ వెంటనే చెరపదు. పాత ఫైళ్లను చెరిపే వాక్యూమ్ ఆదేశం నడిచేవరకు, అందులోనూ అప్రమేయంగా 7 రోజుల గడువు దాటేవరకు, పాతదీ కొత్తదీ ఫోల్డరులో పక్కపక్కనే ఉంటాయి. ఫోల్డరును నేరుగా చదివేవారికి ప్రతి రీడింగూ రెండుసార్లు లెక్కకు వస్తుంది. డెల్టాలో టేబుల్‌ను చదవడానికి, రాయడానికి కావలసిన కనీస స్థాయిని చెప్పే రీడర్ వెర్షన్, రైటర్ వెర్షన్ అనే రక్షణ ఉన్నా, ఆ కాపలా ముందు గుమ్మంలోనే ఉంటుంది, దొడ్డిదారిన వచ్చేవారిని అది ఆపలేదు.

అందువల్ల క్రమం మారింది. తిరిగి రాసే పనిని పక్కనపెట్టి, ముందుగా విశ్లేషణ స్క్రిప్టును లాగ్ ద్వారా ఫైళ్ల జాబితా తీసుకునేలా మార్పించాము. స్కీమాను కూడా స్పష్టంగా ఇచ్చాము. మార్పు మొత్తంలో కోడు కొద్ది పంక్తులే, ఒప్పించడానికే సమయం పట్టింది. "ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా" అన్నవారికి 1816 నాటి గడువు చూపించాక మాత్రం పెద్దగా వాదన జరగలేదు. ఆ తర్వాత ఒక్కో పార్టిషనునూ (టేబుల్ విభాగాన్నీ) తిరిగి రాశాము. విలువలు మారలేదు కాబట్టి డేటా మార్పు కాదన్న గుర్తు పెట్టి రాశాము, దానివల్ల స్ట్రీమింగ్‌గా చదివే పనులు ఆ వరుసలను కొత్తవిగా భావించి మళ్లీ మోయలేదు. తెలియని తేదీలను ఖాళీ చేసిన పార్టిషన్లకు మాత్రం ఆ గుర్తు పెట్టలేదు, అక్కడ డేటా నిజంగానే మారింది.

ప్రస్తుత స్థితి

టైమ్‌స్టాంపులు మైక్రోసెకన్లలో, కంప్రెషన్ జెడ్‌స్టాండర్డ్‌లో, డేటా పేజీలు మొదటి తరంలో, పార్కే రైటర్ వెర్షన్ 1లో ఉన్నాయి. పేజీ ఇండెక్స్ పనిచేస్తోంది. కాలమ్ పేర్లు మార్చే సౌకర్యాన్ని కొందరు అడిగారు. అందుకు వాడే కాలమ్ మ్యాపింగ్‌కు డెల్టా రీడర్ వెర్షన్ 2, డెల్టా రైటర్ వెర్షన్ 5 కావాలి కనుక ప్రస్తుతానికి వ్యూలోనే పేరు మార్చి ఇచ్చాము.

డిలీషన్ వెక్టర్లు ఇంకా మూసే ఉంచాము. వరుస తొలగించినప్పుడు మొత్తం ఫైలు తిరిగి రాయకుండా తొలగించిన వరుసల బిట్‌మ్యాప్ మాత్రం పక్కన పెట్టే ఈ పద్ధతి మాకు బాగా ఉపయోగపడుతుంది, కానీ దానికి రీడర్ వెర్షన్ 3, రైటర్ వెర్షన్ 7 అవసరం. స్పార్క్ 2.4 మీద నడిచే డెల్టా లైబ్రరీ రీడర్ వెర్షన్ 1 దగ్గరే ఆగిపోయింది. నెలవారీ నివేదికను స్పార్క్ 3కు తరలించే పనిని నివేదిక బృందం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేలోపు, లాగ్‌ను కాదని ఫోల్డరును చదివేవారు ఇంకెవరైనా ఉన్నారేమో చూడడానికి నిల్వ యాక్సెస్ లాగులను వడపోస్తున్నాము. ఎవరూ లేరని తేలితే ముందుగా పరీక్ష టేబుల్ మీద, తర్వాత అసలు టేబుల్ మీద ఆ సెట్టింగు తెరుస్తాము.